చెవొగ్గి వినే సాయంత్రం

మన ఇళ్లలో పాట మోగని గంట ఉండదు. తెల్లవారుజామున గుడి మైకులో సుప్రభాతం, ఆ తర్వాత టీవీ, స్కూలు బస్సులో సినిమా పాట, కొట్లో ఎఫ్‌ఎం, రాత్రి మంచం మీద అరనిమిషానికొకటి మారే రీల్స్. ఇంత మోగినా, నిన్న సాయంత్రం ఏ పాట విన్నారని అడిగితే చెప్పలేం. చెవిన పడింది, మనసుకు ఎక్కలేదు. ఇంట్లో ఆమె చెప్పిన మాట, పిల్లవాడు అడిగిన సందేహం, నాన్నగారు మూడోసారి గుర్తుచేసిన మందుల చీటీ కూడా అలాగే చెవిని తాకి జారిపోతున్నాయి.

వినడం ఒక అలవాటు. వాడకపోతే పోతుంది, సాధన చేస్తే తిరిగి వస్తుంది. ఆ సాధనకు నాకు తెలిసిన దారుల్లో అన్నిటికన్నా హాయైనదాన్ని ఈ అధ్యాయంలో చెబుతాను. ఒక సాయంత్రం పడవెక్కి నీళ్ల మీద కూర్చుని, ఎదురుగా మనుషులు వాయిస్తుంటే మొదటి నుంచి చివరిదాకా వినడం. రేవు పట్టణాలు చాలావాటిలో దీన్ని జాజ్ క్రూయిజ్ అంటారు. పల్నాడులో ఆ పేరుతో పడవ నడవదు. కానీ కృష్ణ ఉంది, లాంచీ ఉంది, వాయించేవాళ్లు ఉన్నారు. ఈ మూడింటినీ ఒక సాయంత్రంలోకి చేర్చుకోవడం మన చేతిలో పని.

పడవ మీద పెరిగిన సంగీతం

అమెరికాలో మిసిసిపీ నది సముద్రంలో కలవబోయే చోట న్యూ ఆర్లీన్స్ అనే రేవు పట్టణం ఉంది. జాజ్ పుట్టిల్లు అదే. నూరేళ్ల క్రితం ఆ నది మీద స్ట్రెక్‌ఫస్ కుటుంబం విహారానికి ఆవిరి పడవలు నడిపేది. సాయంత్రం జనం ఎక్కేవారు, పడవ నదిలోకి వెళ్లి తిరిగి వచ్చేలోపు బ్యాండు వాయించేది, జనం నాట్యం చేసేవారు. ఆ బ్యాండ్లను నడిపినవాడు ఫేట్ మారబుల్ అనే నల్లజాతి పియానో విద్వాంసుడు. పట్టుదల గల మనిషి. తన దగ్గర వాయించాలంటే చెవితో నేర్చింది చాలదని, రాసిన స్వరాన్ని చూసి చదవగలగాలని పట్టుబట్టేవాడు.

1920 ప్రాంతంలో ఆ బ్యాండులో కార్నెట్ ఊదిన కుర్రాడు లూయిస్ ఆర్మ్‌స్ట్రాంగ్. 1901లో న్యూ ఆర్లీన్స్‌లోని పేదల వాడలో పుట్టాడు. చెవితో వాయించడంలో అప్పటికే దిట్ట. స్వరం చూసి చదవడం పడవ మీదే గట్టిగా నేర్చుకున్నాడు. 1922లో షికాగో వెళ్లి కింగ్ ఆలివర్ బృందంలో చేరాడు. తర్వాత జాజ్ నడకనే మార్చేశాడు. ఆనాటి పడవల్లో వాయించేవాళ్లు నల్లవాళ్లు, టికెట్టు కొని నాట్యం చేసేవాళ్లు ఎక్కువగా తెల్లవాళ్లు. ఒకే పడవలో ఉన్నా ఒకే చోట కూర్చునే హక్కు లేని రోజులవి. ఆ అవమానాల మధ్య నిలబడి వాళ్లు ఇంత సంతోషాన్నిచ్చే సంగీతం చేశారు. జాజ్ వినేటప్పుడు ఈ సంగతి తెలిసి వినడం మన మర్యాద.

ఆ ఆనవాయితీ ఇంకా నడుస్తోంది. న్యూ ఆర్లీన్స్‌లో 1975లో నీళ్లలోకి దిగిన నాచెజ్ అనే ఆవిరి పడవ సాయంత్రం పూట జాజ్ బృందంతో రేవు చుట్టి వస్తుంది. ప్రయాణం రెండు గంటలు. భోజనంతో ఒక టికెట్టు, భోజనం లేకుండా ఒక టికెట్టు ఉంటాయి. పడవ కదలక ముందు పైఅంతస్తులో ఆవిరి ఈలలతో మోగే కాలియోపీ అనే వాద్యం ఊళ్లోకి వినిపిస్తుంది. వెనక పెద్ద చక్రం తిరుగుతుంటే పడవ సాగుతుంది. రేవు దీపాలు వెనక్కి జరుగుతుంటాయి. బ్యాండు మొదలవుతుంది.

నీళ్ల మీద చెవి ఎందుకు తెరుచుకుంటుంది

ఇందులో మంత్రమేమీ లేదు. మూడు కారణాలున్నాయి, మూడూ మన ఇంటి సాధనకు పనికొచ్చేవే.

మొదటిది, మధ్యలో దిగలేం. ఒడ్డున జరిగే కచేరీలో విసుగు పుడితే లేచి వెళ్లిపోవచ్చు. పడవలో కూర్చున్నాక తిరిగి రేవుకు చేరేదాకా అక్కడే ఉంటాం. మొదటి పావుగంట మనసు అటూ ఇటూ కొట్టుకుంటుంది, చెయ్యి జేబులో ఫోన్ వెతుకుతుంది. వెళ్లడానికి చోటు లేదని తెలిశాక మనసు నెమ్మదిస్తుంది. మన సమస్య ఆ మొదటి పావుగంటను దాటలేకపోవడమే. పడవ మనల్ని దాటిస్తుంది.

రెండోది, ఎదురుగా వాయించే సంగీతాన్ని వెనక్కి తిప్పలేం. ఫోన్‌లో పాట పోయినా మళ్లీ వినవచ్చనే ధీమాతో అసలు వినం. మనిషి ఊదే స్వరం ఆ క్షణానికి ఉంటుంది, పోతుంది. పోతుందని తెలిసినదాన్ని మనసు పట్టుకుంటుంది.

మూడోది, అక్కడ వాయించేవాళ్లు కూడా వింటుంటారు. జాజ్‌లో ముందే రాసి పెట్టుకున్నది కొంత, అప్పటికప్పుడు కల్పించేది ఎక్కువ. ట్రంపెట్ ఊదేవాడు ఒక మలుపు తిరిగితే పియానో వాయించేవాడు దాన్ని గమనించి జవాబిస్తాడు. ఒకరు సరిగా వినకపోతే పాట చెదిరిపోతుంది. నలుగురు పెద్దవాళ్లు ఒకరినొకరు అంత శ్రద్ధగా వినడం మన కళ్ల ముందు జరుగుతుంది. పిల్లలకు వినడం గురించి చెప్పే పాఠాలకన్నా ఈ దృశ్యం ఎక్కువ నేర్పుతుంది.

జాజ్‌ను మన చెవితో వినే విధానం

"ఆ ఇంగ్లీషు బాజాలు మనకేం తెలుస్తాయి?" అని వెనక్కి తగ్గేవాళ్లున్నారు. తెలుస్తాయి. జాజ్ కట్టుబడి మనకు కొత్తది కాదు.

ఒక పాటలో ముందుగా అందరూ కలిసి ఒక వరస వాయిస్తారు. అది మన పల్లవి అనుకోండి. తర్వాత ఒక్కొక్కరు వంతుల వారీగా ఆ వరస మీద సొంత కల్పన చేస్తారు. మిగతావాళ్లు అతని వెనక తాళాన్ని, స్వరాన్ని నిలబెడతారు. వంతులు అయ్యాక మళ్లీ అందరూ మొదటి వరసకు వచ్చి ముగిస్తారు. కర్ణాటక సంగీతంలో విద్వాంసుడు కల్పనాస్వరాలు వేసి పల్లవికి తిరిగి వచ్చినట్టే ఇదీ ఒక మనోధర్మం. అక్కడి స్వరాల పొందిక వేరు, స్వేచ్ఛకు హద్దు పెట్టుకునే తీరు ఒకటే.

పల్లెటూళ్లలో పద్యనాటకం చూసిన పెద్దవాళ్లకు ఇంకా తేలిగ్గా అందుతుంది. హార్మోనియం పక్కన నిలబడి నటుడు పద్యం ఎత్తుకుంటాడు. ఆఖరి పాదం దగ్గర రాగం లాగుతాడు. జనం ఈల వేసి వన్స్ మోర్ అంటే అదే పద్యాన్ని మరో పోకడలో పాడతాడు. రెండోసారి పాడింది మొదటిసారి పాడినట్టు ఉండదు. అది విని మెచ్చుకోగలిగిన చెవికి జాజ్ అందకుండా పోదు.

వినేటప్పుడు ఈ వరస పాటించండి. మొదటి పాట అంతా బేస్ అనే లావు తీగల వాద్యాన్నే వినండి. బండికి ఇరుసు ఎలాగో ఆ బృందానికి బేస్ అలాగ. కనిపించకుండా మొత్తాన్ని మోస్తుంది. రెండో పాటలో డ్రమ్స్ వాయించే మనిషి చేతుల్ని చూడండి. మూడో పాటలో ట్రంపెట్టో, సాక్సోఫోనో ఊదేవారి వెంట వెళ్లండి. నాలుగో పాటలో అన్నిటినీ కలిపి వినండి. బ్లూస్ అనే పాట వచ్చిందని తెలిస్తే వేళ్ల మీద లెక్కపెట్టండి. ఎక్కువగా నాలుగేసి దెబ్బల చొప్పున పన్నెండు భాగాలు, మొత్తం 48 దెబ్బలకు ఒక ఆవృతం పూర్తవుతుంది. రెండు మూడు ఆవృతాలు లెక్కపెట్టగానే పాట ఎటు తిరుగుతుందో మీకే ముందుగా తెలుస్తుంది.

చివర్లో డ్రమ్స్‌కూ మిగతావాళ్లకూ మధ్య నాలుగేసి భాగాల చొప్పున సవాలు, జవాబు నడుస్తాయి. మృదంగం, ఘటం తని ఆవర్తనంలో వంతులు మార్చుకుంటూ, నిడివి తగ్గించుకుంటూ వచ్చి కలిసి ముక్తాయింపు ఇవ్వడం విన్నవాళ్లకు ఈ ఘట్టం ఎక్కువ నచ్చుతుంది. ఒక్కో కల్పన అయిపోగానే, పాట మధ్యలోనైనా సరే, చప్పట్లు కొట్టడం జాజ్ మర్యాద. మొహమాటపడకండి.

ఈ రెండు సంగీతాల మధ్య వంతెన కట్టినవాళ్లలో మన తెలుగువాడు ముందున్నాడు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ చిన్న మాండలిన్ మీద కర్ణాటక రాగాలు పలికించాడు. 1983లో, మీసాలు రాని వయసులో, పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించి అక్కడి శ్రోతలను కట్టిపడేశాడు. తర్వాత గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా విద్వాంసుడు జాకీర్ హుస్సేన్‌లతో కలిసి రిమెంబర్ శక్తి బృందంలో ప్రపంచమంతా తిరిగాడు. 2014లో ఆయన పోయేనాటికి మాండలిన్ అంటే శ్రీనివాస్ అనే పేరు స్థిరపడిపోయింది. జాజ్ వినడం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని తెలుగువాళ్లు శ్రీనివాస్ చేతి మీదుగా మొదలుపెట్టవచ్చు.

మన రేవు విజయపురి సౌత్

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ నీళ్లు పల్నాడు పొలాలకు చేరాక ఇక్కడి బతుకు ఎలా మారిందో ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. పంటకు సాగర్ నీళ్లు కావాలని మనందరికీ తెలుసు. ఆ నీళ్ల మీద ఒక సాయంత్రం కూర్చోవచ్చన్న సంగతి మాత్రం చాలా ఇళ్లలో తోచదు. నరసరావుపేట, గురజాల, పిడుగురాళ్ల వాళ్లు దూరాన ఉన్న బీచీలకు రాత్రంతా ప్రయాణం చేసి వెళతారు. జిల్లాలోనే ఉన్న కుడిగట్టు లాంచీ ఎక్కి ఎన్నాళ్లయిందో గుర్తుండదు.

మాచర్ల నుంచి విజయపురి సౌత్ దాదాపు పాతిక కిలోమీటర్లు. అక్కడి లాంచీ స్టేషన్ నుంచి నాగార్జునకొండకు సుమారు గంట ప్రయాణం. జలాశయం నిండక ముందే, 1954 నుంచి 1960 దాకా, పురావస్తు శాఖ తరఫున ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో ఈ లోయలో పెద్ద ఎత్తున తవ్వకాలు జరిగాయి. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి శిథిలాలు బయటపడ్డాయి. మునిగిపోయే కట్టడాల్లో ముఖ్యమైనవాటిని తరలించి కొండ మీద, కుడిగట్టున అనుపు దగ్గర మళ్లీ కట్టారు. కొండ మీది మ్యూజియం ద్వీపంలో ఉంది. శుక్రవారం సెలవు.

అనుపులో చుట్టూ మెట్ల వరసలతో ఉన్న ఒక ప్రదర్శనశాల ఉంది. పదిహేడు వందల ఏళ్ల క్రితం ఈ కృష్ణ ఒడ్డునే జనం అలా మెట్ల మీద కూర్చుని ప్రదర్శనలు చూసేవారు. ఆ మెట్ల మీద పిల్లల్ని కూర్చోబెట్టి ఈ మాట చెప్పండి. నీళ్ల పక్కన కూర్చుని కళను ఆస్వాదించడం ఎక్కడినుంచో తెచ్చుకున్న సరదా కాదని, ఈ నేల పాత అలవాటని వాళ్లకు అర్థమవుతుంది.

వేళ విషయంలో జాగ్రత్త పడాలి. రెంటచింతల ఎండల గురించి పల్నాటివాళ్లకు చెప్పనక్కర్లేదు, కాబట్టి వేసవి వద్దు. పైనుంచి వరద వచ్చి, జలాశయం తన పూర్తి మట్టమైన 590 అడుగులకు దగ్గరగా ఉన్న నెలలు మంచివి. వాన తెరిపిచ్చిన భాద్రపదం నుంచి చలికాలం చివరిదాకా గాలి హాయిగా ఉంటుంది. మిరప కోతలు మొదలయ్యాక రైతు ఇళ్లలో తీరిక దొరకదు, అందుకే ఆలోపే పెట్టుకోండి. లాంచీలు పగటిపూట నడిచేవి. నీటిమట్టాన్ని, గాలిని, జనాన్ని బట్టి వేళలు మారతాయి. ముందు రోజే స్టేషన్‌కు ఫోన్ చేసి ఆఖరి లాంచీ ఎప్పుడు తిరిగి వస్తుందో కనుక్కోండి.

ఎక్కగానే లైఫ్ జాకెట్ వేసుకోండి. ఫొటో కోసం విప్పకండి, పిల్లల బెల్టులు మీరే బిగించండి. 2017లో కృష్ణా పవిత్ర సంగమం దగ్గర, 2019లో గోదావరి మీద కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదాలను మరిచిపోకూడదు. జనం ఎక్కువైన పడవ, అనుమతి లేని పడవ కనిపిస్తే ఎక్కకండి. సరదా కోసం ప్రాణాన్ని పందెం పెట్టకూడదు.

వాయించేవాళ్లు మన పక్కనే ఉన్నారు

సాగర్ లాంచీలో జాజ్ బృందం దొరకదు. దాని అవసరమూ లేదు. అప్పటికప్పుడు కల్పించి వాయించే మనుషులు కావాలి, అలాంటివాళ్లు ఈ జిల్లాలో తరతరాలుగా ఉన్నారు.

చిలకలూరిపేట నాదస్వరానికి పేరున్న ఊరు. కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా ఈ ఊరి ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నారు. తర్వాత తంజావూరు బాణీని కూడా సాధించి శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ అందుకున్నారు. ముస్లిం ఇంట పుట్టి రాముడి మీది కీర్తనలను గుడి వాకిట ఊదిన ఆ సంప్రదాయం ఈ ప్రాంతపు గొప్పతనం. ఇవాళ కూడా పెళ్లికి, ఊరేగింపుకు మేళం లేనిదే మనకు జరగదు.

కానీ ఆ మేళాన్ని ఎవరు వింటున్నారు? పెళ్లి పందిట్లో సన్నాయి విద్వాంసుడు అరగంటసేపు కష్టపడి రాగం విస్తరిస్తుంటే మనం భోజనాల దగ్గర, ఫొటోల దగ్గర ఉంటాం. తాళి కట్టే వేళ గట్టిమేళం అనడానికే ఆయన గుర్తొస్తాడు. మంచి సంగీతాన్ని డబ్బిచ్చి పిలిపించుకుని, దాని ముందే గట్టిగా మాట్లాడుకుంటాం. ఇది మారాలి. ఈ ఒక్క అలవాటు మారితే పల్నాడులో ప్రతి పెళ్లీ ఒక కచేరీ అవుతుంది.

పల్నాటివాళ్లకు ఎక్కువసేపు కూర్చుని వినే శక్తి లేదని అనలేం. కారెంపూడిలో ఏటా కార్తిక అమావాస్యకు మొదలయ్యే వీరుల ఉత్సవాలు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు రోజులు సాగుతాయి. బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడి కథను వీరవిద్యావంతులు గానం చేస్తుంటే తరతరాలుగా జనం కూర్చుని విన్నారు. వినే ఓపిక మన రక్తంలో ఉంది. దాన్ని మళ్లీ పనిలో పెట్టాలి.

సాయంత్రాన్ని కుదుర్చుకునే క్రమం

1. మనుషుల్ని ఎంచుకోండి. ఒక కుటుంబం, లేదా రెండు కుటుంబాలు చాలు. అమ్మానాన్నలను తప్పకుండా తీసుకెళ్లండి. బస్సు నిండా జనాన్ని పోగేస్తే అది వనభోజనం అవుతుంది. అదీ మంచిదే, దానికి వేరే రోజు పెట్టుకోండి.

2. కళాకారుల్ని ముందే మాట్లాడుకోండి. నాదస్వరం, డోలు జంట కావచ్చు, వయొలిన్ నేర్పే మాస్టారు కావచ్చు, హార్మోనియంతో పద్యాలు పాడే పెద్దాయన కావచ్చు. పెళ్లికి ఎంత ఇస్తారో అంతకు తగ్గకుండా ఇవ్వండి. రానూపోనూ ఖర్చు, భోజనం మీవే. "ఊరికే రెండు పాటలు వాయించండి" అని ఎప్పుడూ అడగకండి.

3. చోటు నిర్ణయించుకోండి. బృందంగా వెళ్లి లాంచీలోనే పాడించుకోవాలంటే స్టేషన్‌లో ముందుగా అనుమతి అడగండి. కుదరకపోతే మధ్యాహ్నం లాంచీలో కొండకు వెళ్లి, ఎండ వాలేలోపు తిరిగి వచ్చి, రాత్రి బస చేసే చోట ఆరుబయట కచేరీ పెట్టుకోండి. మైకు వద్దు. పదిహేను మందికి నాదస్వరం మైకు లేకుండానే కావలసినంత వినిపిస్తుంది.

4. లాంచీలో గంటసేపు సొంత స్పీకర్లు పెట్టకండి. ఇంజన్ చప్పుడు, నీళ్ల చప్పుడు, గాలి, పక్షులు వినండి. రాత్రి వినబోయే సంగీతానికి చెవి అక్కడే సిద్ధమవుతుంది.

5. కచేరీ మొదలయ్యే ముందు ఫోన్లన్నీ ఒక సంచిలో వేసి మూతి కట్టండి. అత్యవసరానికి ఒకరి ఫోన్ మాత్రం బయట ఉంచండి. వీడియో కావాలంటే ఆఖరి పాటకు కళాకారుల అనుమతితో తీసుకోండి.

6. భోజనం ముందే ముగించండి. తింటూ వినడం, వింటూ తినడం రెండింటికీ న్యాయం చేయవు. టిఫిన్ తేలిగ్గా ఉంటే నిద్ర రాదు.

7. గంటన్నర చాలు. కళాకారుల్ని ఒక పాట వాళ్లకు నచ్చింది, ఒక పాట ఇంతకు ముందు ఎవరూ అడగనిది వాయించమనండి. పెళ్లిళ్లలో అవే పాటలు వాయించి అలసిన విద్వాంసుడికి ఆ ఒక్క మాట ఎంత ఉత్సాహం ఇస్తుందో మీరే చూస్తారు.

8. అయిపోయాక పావుగంట మాట్లాడుకోండి. ఎవరికి ఏ చోటు నచ్చిందో చెప్పుకోండి. పిల్లల్ని కళాకారుల దగ్గరికి పంపి వాద్యాన్ని చూపించమనండి. "నాన్నా, డోలు కొట్టే తాతయ్య వేళ్లకు ఆ తొడుగులెందుకు?" అని పిల్లవాడు అడిగితే, జవాబు ఆ తాతయ్యనే చెప్పనివ్వండి.

అడ్డుపడే మాటలు

"తీరిక లేదు" అనేది మొదటి మాట. పత్తి కొట్టు, మందుల షాపు, ట్యూషన్ సెంటరు నడిపేవాళ్లకు నిజంగానే తీరిక తక్కువ. తీరిక దానంతటది రాదు. శుభలేఖ వచ్చిన పెళ్లికి ఎలా వెళ్తామో, అలా నెల ముందే క్యాలెండర్ మీద తేదీ రాసి ఇంట్లో అందరికీ చెప్పాలి. ఆ రోజును మరో పనికి ఇవ్వకూడదు.

"ఖర్చు" రెండో మాట. లాంచీ టికెట్టు, కారు అద్దె, కళాకారుల పారితోషికం కలిపి లెక్కవేయండి. రెండు కుటుంబాలు పంచుకుంటే భారం సగమవుతుంది. అదీ కుదరనివాళ్లు ఇంటి డాబా మీద, ఊరి చెరువు గట్టున ఇదే క్రమం పాటించవచ్చు. నీళ్లు దగ్గర్లో ఉంటే మంచిది, లేకపోయినా సాధన ఆగదు.

"మాకు రాగాలు తెలియవు" మూడో మాట. రాగం పేరు తెలియకపోయినా కనిపెట్టగలిగినవి చాలా ఉన్నాయి. పాట ఎక్కడ నెమ్మదించింది, ఎక్కడ ఊపందుకుంది, ఎవరు ఎవరి వైపు చూసి తల ఊపారు, ఎక్కడ మన ఒళ్లు జలదరించింది, ఇవి గమనిస్తే చాలు. పేర్లు తర్వాత నేర్చుకోవచ్చు.

"పిల్లలు కూర్చోరు" నాలుగో మాట. మనం కూర్చుంటే వాళ్లు కూర్చుంటారు. పెద్దవాళ్లు గుసగుసలాడుతూ పిల్లల్ని నోరు మూసుకోమంటే వాళ్లు వినరు. వాళ్లకు ఒక పని అప్పగించండి. డోలు ఎన్నిసార్లు ఆగి మళ్లీ మొదలైందో లెక్కపెట్టమనండి. చిన్నపిల్లలు అరగంట తర్వాత ఒళ్లో నిద్రపోతే పోనివ్వండి. ఆ నాదం వింటూ నిద్రపోవడం కూడా వాళ్లకు మేలే.

పిల్లల దగ్గరికి విదేశం వెళ్లినప్పుడు

పల్నాడు నుంచి పెద్దవాళ్లు కొడుకుల దగ్గరికి, కూతుళ్ల దగ్గరికి అమెరికా, ఆస్ట్రేలియా వెళ్లి నెలల తరబడి ఉంటున్నారు. వారం రోజులు చూడదగ్గవి చూసి, మిగతా రోజులు గదిలో టీవీ ముందు గడిపేస్తారు. పిల్లలకు నా సూచన ఒక్కటే. మీ ఊళ్లో రేవు ఉంటే, సాయంత్రం పడవ ఉంటే, అందులో సంగీతం ఉంటే అమ్మానాన్నల్ని ఒకసారి తీసుకెళ్లండి. శాకాహారం తినేవాళ్లయితే భోజనం లేని టికెట్టు కొని ఇంట్లోనే తినిపించి వెళ్లండి. నీళ్ల మీద గాలి చల్లగా ఉంటుంది, శాలువ, చెవులకు మఫ్లరు మరవకండి. అరగంట ముందే చేరుకుని బ్యాండు ఎదురుగా చోటు చూసుకోండి. జాజ్ కట్టుబడి గురించి పైన చెప్పినవి వాళ్లకు తెలుగులో వివరించండి. ఆ సాయంత్రం మీ నాన్నగారు కారెంపూడి తిరునాళ్ల గురించో, తాను చూసిన పద్యనాటకం గురించో చెప్పడం మొదలుపెడితే మధ్యలో ఆపకండి.

తిరిగి వచ్చాక

ఒక్క సాయంత్రంతో అలవాటు నిలబడదు. ఇంటికి వచ్చాక చేయాల్సినవి ఇవి.

వారానికి ఒక రోజు రాత్రి భోజనం తర్వాత ఒకే ఒక్క పాట, మొదటి నుంచి చివరిదాకా, ఇంటిల్లిపాదీ కూర్చుని వినండి. వింటున్నంతసేపూ మరో పని వద్దు.

ఈసారి వెళ్లే పెళ్లిలో మేళం దగ్గర పది నిమిషాలు నిలబడి వినండి. అయ్యాక దగ్గరికి వెళ్లి బాగుందని చెప్పండి.

ఇంట్లో ఎవరైనా మాట్లాడుతున్నప్పుడు, వాళ్ల మాట పూర్తయ్యేదాకా ఆగి, ఒక్క క్షణం తర్వాత జవాబివ్వండి. జాజ్ బృందంలో ప్రతివాడూ చేసేది ఇదే. పక్కవాడి మలుపు పూర్తిగా విన్నాకే తన స్వరం ఎత్తుకుంటాడు.

ఆరు నెలలకొకసారి మళ్లీ నీళ్ల దగ్గరికి వెళ్లండి.

సంగీతాన్ని ఇలా విన్నవాళ్లు మనుషుల్నీ బాగా వింటారు. అమ్మ చెప్పే పాత కథ, పిల్లవాడి బడి కబురు, వ్యాపార భాగస్వామి సందేహం అన్నీ అప్పుడు పూర్తిగా అందుతాయి. చాలా ఇళ్లలో తగవులు పెద్ద విషయాల మీద పుట్టవు, వినకుండా ఇచ్చిన జవాబుల మీద పుడతాయి. ఈ పుస్తకం పక్కన పెట్టి క్యాలెండర్ తీయండి. వచ్చే రెండు నెలల్లో ఒక తేదీ చుట్టూ గీత గీసి, విజయపురి సౌత్ అని రాయండి. ఆ తర్వాత మీ ఊళ్లో నాదస్వరం ఊదే విద్వాంసుడికి ఫోన్ చేయండి.